కత్తిరించగా మిగిలింది

ఆ అమ్మాయి పేరు ఉస్తీన్యా.
పోస్టరు మీద పేరు వెయ్యలేదు,
అందుకే ముందు పేరు చెబుతున్నాను.

ముప్ఫై మూడు, చలికాలం, స్వెర్ద్‌లోవ్స్క్.
పత్రికాఫీసు మూడో అంతస్తు,
నా బల్ల కిటికీకి ఎడమన.
పదిమంది ఫోటోలు తీసుకొస్తే
నేనొక్కదాన్నే తుడిచేదాన్ని:
మసి, మొటిమలు, పళ్ల మధ్య సందులు,
కళ్ల కింద మూడు షిఫ్టుల నిద్ర.
సన్నని కుంచె, తెల్లరంగు,
ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్క.

ఇటుకల బట్టీ దగ్గర తీశారు ఆమెను.
ముఖం నిండా మశూచి గుంటలు,
నూట పన్నెండు.
లెక్కపెట్టకుండా పూడ్చటం నాకు చేతకాదు.
పూడ్చాక వెన్నముద్దలాంటి చెంపలొచ్చాయి,
ఏ జబ్బూ ఎన్నడూ నడవని చెంపలు.

తల ఆమెది.
భుజాలు ఎవరో ఇనపగుండు విసిరే ఆటగత్తెవి,
లెనిన్‌గ్రాద్ నుంచి కవర్లో వచ్చాయి.
వెనకాల గోధుమచేను.
ఏ సంవత్సరపు పంటో నేనడగలేదు,
ఆ ఏడాదిది మాత్రం కాదు.
ఉన్న ఒక్క విమానాన్నే మళ్లీ మళ్లీ ముద్రించి
ఇరవై ఏడు చేశాం.
"మోకాళ్ల కింద కోసెయ్, బురద కనపడుతోంది"
అన్నాడు పోర్ఫీరీ లుకిచ్.
కోశాను.
నేల విడిచి సాము చేస్తూ
మబ్బుల్లో నిలబడింది పిల్ల.

జిగురు రై పిండితో కాచేవాళ్లం.
మెతుక్కి దొరకని పిండి అతుక్కి దొరికేది.
గిన్నె అడుగు వేలితో నాకేవాడు
మా కుర్ర సహాయకుడు వెనియమీన్.
నేను కిటికీ వైపు చూసేదాన్ని.
తర్వాత ఒకరోజు
వాడు కిటికీ వైపు చూశాడు.

అందరూ మెచ్చుకున్నది ఆ చూపుని.
పైకి, కుడివైపుకి, ఎక్కడికో.
"రేపటిని చూస్తోంది" అని కింద ఎర్రక్షరాలు.
ఆ ఏడు మా వీధి స్టూడియోలో
ఆడపిల్లలంతా మెడలు పట్టేసేలా
గడ్డాలెత్తి ఫోటోలు దిగారు.

అసలు ఫోటోలో ఆమె చూస్తున్నది తమ్ముణ్ణి.
ఆరేళ్లుంటాయేమో,
బట్టీ గొట్టం నిచ్చెన సగం ఎక్కేసి
దిగటం తెలీక ఏడుస్తున్నాడు.
నోరు కొంచెం తెరిచి ఉంది కదా,
అది పాట కాదు.
పెదాలు చదవటం నాకు రాదు,
కానీ నాకూ తమ్ముళ్లున్నారు:
"కదలకురా, వస్తున్నా."

మిగిలిన ముక్కల్ని పొయ్యిలో వెయ్యాలని నియమం.
వేసేదాన్ని. అదొక్కటీ వెయ్యలేదు.
మధ్యలో అమ్మాయి ఆకారంలో కన్నం.
దాని చుట్టూ బురద,
తాడుతో బిగించిన మగవాడి బూట్లు,
ఓ మూల ఎవరిదో ఖాళీ గిన్నె పట్టిన చెయ్యి,
నిచ్చెన మీద పిల్లాడు.

మంచు కరిగే రోజుల్లో వచ్చింది.
గేటు దగ్గర పోస్టరు కింద చాలాసేపు నిలబడిందట,
కాపలావాడు గుర్తుపట్టలేదు,
పొమ్మన్నాడు కూడా.
మెట్లెక్కి వచ్చి నా బల్ల ముందు ఆగి
నమూనా మీద వేలు పెట్టింది.
ఎడమ చెవి తమ్మె మీద చిన్న చీలిక,
నేను తుడవటం మరిచింది.
"చెవి నాది," అంది.
కాసేపాగి,
"మా వాడున్న ముక్క పారేశారా?"

సొరుగు తీశాను.
కన్నంలోంచి నా చెయ్యి కనిపిస్తోంది.
ఎలా ఉన్నాడని అడగలేదు.
ఆమె దాన్ని మడవలేదు,
రుమాలులో పెట్టి, కోటు లోపల పెట్టి,
గుండీలు రెండుసార్లు తడిమి చూసుకుంది.

స్టేషను గోడ మీద పోస్టరు రెండేళ్లుంది.
ఎలకలు వెనక నుంచి తిన్నాయి,
పిండి కోసం, పాపం,
ముందు భుజాలు, తర్వాత విమానాలు.

ఆ రోజు కిటికీ వెలుగులో
ఆమె నా ఎదురుగా నిలబడినప్పుడు
అలవాటు కొద్దీ మళ్లీ లెక్కపెట్టాను.
గడ్డం కింద ఒకటి దాక్కుంది.
నూట పదమూడు.